అల్లుడు కొలిచిన షెడ్డు

ఆ రోజు ఫంక్షన్ హాల్లో అందరికంటే ముందు సిగ్గు విడిచింది మెట్‌పల్లి నుంచి వచ్చిన ఒక ఫ్లెక్సు షాపాయన. కాలి చెప్పు విడిచి, నేలకు కొట్టి దులిపి, ప్రింటింగు మిషన్ మీద పెట్టి, "దీని మీద కొట్టు, సూద్దాం" అన్నాడు.

హాలంతా గొల్లున నవ్వింది. హైదరాబాద్ నుంచి మిషన్ తెచ్చిన కంపెనీ మనిషి మాత్రం నవ్వలేదు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, ముఖాన ఓపిక. "సార్, ఇది ఫ్లాట్‌బెడ్. బల్లపరుపుగా ఉన్నది ఏదైనా ఇవ్వండి, ప్రింటు చేస్తా. వంకరగా ఉంటే ఇంకు చల్లే తల తగులుతుంది" అన్నాడు. అనడమే ఆలస్యం, జనం జేబులు తడుముకోవడం మొదలుపెట్టారు. ఒకాయన ఫోను కవరు ఊడదీశాడు. ఇంకొకాయన పర్సు ఖాళీ చేసి ఇచ్చాడు. మూడో ఆయన ఏకంగా హాలు గోడకున్న స్విచ్చు బోర్డు మీద చేయి వేస్తే హాలు వాచ్‌మన్ వచ్చి ఆపాడు. నేను సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి, మూత చీర కొంగుతో తుడిచి, ముందుకు దూరాను. దారిచ్చినవాళ్లు ఇచ్చారు. ఇవ్వనివాళ్ల కాలు తొక్కాను.

జగిత్యాలలో మాది బోర్డుల షాపు. మా ఆయనా నేనూ కలిసి నడుపుతాం. ఆయన ఫిట్టింగు, కొలతలు, నిచ్చెనలు. నేను డిజైను, కంప్యూటరు, గిరాకీతో పోట్లాట. ఇన్నేళ్లుగా మేం చేసిందల్లా స్టిక్కరు మీద ప్రింటు తీయడం, దాన్ని బోర్డు మీద అతికించడం. అతికించేటప్పుడు లోపల గాలి బుడగ మిగిలిందా, ఇక సూదితో పొడిచి, గుడ్డతో రుద్ది, దేవుణ్ణి తలుచుకోవాలి. ఎండాకాలం వచ్చిందంటే మూలలు లేస్తాయి. మల్లాపూర్‌లో ఒక డాక్టరు గారి బోర్డు మీద డిగ్రీలన్నీ లేచిపోయి ఉత్త పేరు మిగిలింది. ఆయన ఫోన్ చేసి తిట్టిన తిట్లు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

అట్లాంటి నా కళ్ల ముందు, ఆ మిషన్ నా టిఫిన్ డబ్బా మూత మీద నెమలిని వేసింది. తల ఇటు నుంచి అటు పోతోంది, అటు నుంచి ఇటు వస్తోంది, దాని పక్కనే ఊదారంగు దీపం వెలుగుతోంది. ఇంకు పడీ పడగానే ఆ వెలుతురుకు గట్టిపడిపోతోంది. కంపెనీ మనిషి మూత తీసి నా చేతిలో పెట్టాడు. వేలితో రుద్దాను. గోరుతో గీకాను. నెమలి కదల్లేదు. మధ్యలో స్టిక్కరు లేదు, బుడగ లేదు, మూల లేదు. పక్కనున్నాయన "అక్కా, ఒక్కసారి ఇయ్యి" అని లాక్కోబోతే ఇవ్వలేదు.

అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. ఆ కంపెనీ మనిషి గోడ మీద వీడియో వేశాడు. ఇదే మిషన్‌కు పెద్దక్క లాంటిది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు బల్ల. దాని మీద ఒక తలుపు పడుకోబెట్టారు. మొత్తం తలుపు! కింద నుంచి గాలి పీల్చి తలుపును కదలకుండా పట్టుకుంది, తల దాని మీదుగా దర్జాగా నడిచిపోయింది, వెనకాల ఒక పూల తోట మిగిలింది. నేను మా ఆయన మోచెయ్యి గిచ్చాను. ఆయన అప్పటికే జేబులోంచి టేపు తీసి, గోడ మీద వీడియోలో కనిపిస్తున్న మిషన్‌ను కొలవబోతున్నాడు. అది ఆయనకున్న జబ్బు. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు మా దర్వాజ కొలిచి, "బీరువా పడ్తది" అన్నాడని మా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"చిన్నదైనా పెద్దదైనా మేడం, నెక్స్టు లోడులో పెట్టిస్తా. ఏదో ఒకటి తొందరగా చెప్పండి" అన్నాడు కంపెనీ మనిషి. ధరల సంగతి ఇక్కడ చెప్పను. రెండూ మా తలకు మించినవే. రెంటికీ అప్పిస్తానని బ్యాంకాయన తల ఊపాడు. అందుకని మాకు మిగిలిన ప్రశ్న ఒకటే: చిన్నదా, పెద్దదా?

చిన్నదయితే మా షాపులో పడుతుంది. పాత సోఫా బయట పారేస్తే చాలు. పెద్దది షట్టరులోంచి కూడా దూరదు. అది పెట్టాలంటే షెడ్డు కావాలి, షెడ్డు మాకు జగిత్యాలలో లేదు. సిరిసిల్లలో ఉంది. మా నాన్నది, నేను బాపు అంటాను.

ఆ షెడ్డులో బాపు సాంచలు ఉన్నాయి. పవర్‌లూములను మా దగ్గర సాంచలే అంటారు. నాలుగుంటే రెండు పాడుబడ్డాయి, రెండు నడుస్తాయి. లంగాల గుడ్డ నేస్తాడు. మమ్మల్ని పెంచింది ఆ గుడ్డే. ఇప్పుడు ఆయన సంపాదన మీద ఎవరూ ఆధారపడి లేరు, అయినా తెల్లారితే బాపు షెడ్డులో ఉంటాడు. పొద్దున చాయి అక్కడికే పోవాలి. ఆయనకు పేకాట రాదు, గుడికి పోడు, టీవీ ముందు కూచుంటే నిద్రపోతాడు. సాంచలు తీసేస్తే ఆయనకు ఇంకో పని లేదు. ఆ సంగతి నాకు తెలుసు, నన్ను కన్న మా అవ్వకు తెలుసు. పెద్ద మిషన్ కావాలంటే బాపు సాంచలు పోవాలి. చిక్కంతా అక్కడే.

డెమో అయిన వారానికే ఇద్దరం సిరిసిల్ల పోయాం. నేను పెద్ద మిషన్ గురించి అవ్వకు చెప్తూ చెప్తూ చేతులతో తలుపులు గీస్తున్నాను. పూజగది తలుపు మీద లక్ష్మి, స్కూలు తలుపు మీద ఎక్కాలు, హోటలు గోడకు ఒకటే ముక్కగా చార్మినార్. అవ్వ "అయ్యో, తలుపు మీదనా!" అంటుంటే నాకు ఇంకా ఊపొస్తోంది. ఆ సందట్లో మా ఆయన ఎప్పుడు లేచాడో లేచి షెడ్డులోకి పోయాడు. మేం పోయి చూసేసరికి టేపు ఒక కొస సాంచ కాలికి తగిలించి, ఇంకో కొస పట్టుకొని గోడ దాకా నడుస్తున్నాడు. బాపు సాంచ ఆపి, తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ అల్లుణ్ణే చూస్తున్నాడు.

"సరిపోతదా అల్లుడా?" అన్నాడు బాపు.

"ఇయి లేకుంటె మస్తు సరిపోతది మామా" అన్నాడు మా ఆయన. ఆయన ఉద్దేశంలో అది లెక్క మాత్రమే.

"అయితే తీసేద్దాం తియ్. ఎప్పుడో తీసేద్దామనుకున్నయే. తుక్కు కొనేటాయన గీ వాడకే తిరుగుతుండు, అచ్చి కొంటవోతడు."

"నీకు ఇబ్బంది లేకుంటెనే మామా."

"నాకేం ఇబ్బంది? షెడ్డు నీదే అనుకో."

మా ఆయన ముఖం వెలిగిపోయింది. నా ముఖం కూడా వెలిగే ఉంటుంది, అబద్ధం ఎందుకు. నేను మనసులో ఆ నాలుగు గోడల మధ్య మిషన్‌ను పడుకోబెట్టేశాను. అవ్వ మాత్రం లోపలికి పోయింది. కూర దించుతూ, "మీ బాపు అల్లునికి లేదనడు బిడ్డా" అంది. ఆ మాట నా చెవిలో పడింది గాని లోపలికి దిగలేదు. నాకు అప్పుడు తలుపులు తప్ప ఇంకేం కనపడడం లేదు.

అయినా కొనేముందు ఒకసారి పెద్ద మిషన్‌ను దగ్గరగా చూడాలి కదా. కోరుట్లలో ఒకాయన దగ్గర ఉందని తెలిసింది. మా లైనులోనే ఉన్నాడు, నన్ను చెల్లె అంటాడు. రమ్మన్నాడు. కంపెనీవాళ్లు వాళ్లకు నచ్చిన నున్నటి ముక్కల మీద కొట్టి చూపిస్తారు, నేను నాకు వచ్చే గిరాకీ ముక్కల మీద కొట్టించాలని ఒక మూట కట్టాను. నల్ల గ్రానైటు ముక్క, టేకు చెక్క, నేలకు వేసే టైలు, అద్దం, స్టీలు పళ్లెం, అక్రిలిక్ షీటు. మూట బరువుకు బస్సు మెట్టు మీదనే ఆగిపోయాను. కండక్టరు చూసి, "ఆడోళ్లకంటె టికెట్ లేదమ్మా, మూటకు కూడ ఫ్రీయేనా?" అన్నాడు. "మూట కూడ ఆడిదే" అన్నాను. బస్సంతా నవ్వింది. మా ఆయన టికెట్ తీసుకొని కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాడు, నేనెవరో తెలియనట్టు.

కోరుట్లన్న షాపులో మిషన్ గదికి అద్దాల తలుపు ఉంది. చెప్పులు బయటే విప్పించాడు. లోపల ఏసీ. నేల తడిగుడ్డతో తుడిచి ఉంది. మధ్యలో పెద్ద మిషన్! వీడియోలో చూసినదానికీ దీనికీ పోలికే లేదు. దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాను. అన్న నవ్వి, "బొట్టు పెడుతవా చెల్లె?" అన్నాడు.

మూట విప్పాను. మొదట గ్రానైటు. గొల్లపల్లి నుంచి వచ్చే ఒక అక్క ఉంది. మొగుడూ పెళ్లాలు ఇద్దరూ కూలికి పోయి, ఇన్నాళ్లకు సొంతంగా రెండు గదులు కట్టుకున్నారు. గేటు పక్కన రాయి మీద ఆమె పేరే పైన ఉండాలని ఆమె పంతం. ఆయన దానికి ఒప్పుకున్నాడు గాని, పక్కన గులాబీ పువ్వు ఉండాలని ఆయన పంతం. నల్లరాయి మీద రంగు నిలవదు కదా అని నేను ఇన్నాళ్లూ వాయిదా వేస్తూ వచ్చాను. ఈ మిషన్ ముందు తెల్ల ఇంకు వేసింది, దాని మీద రంగులు వేసింది, మళ్లీ అన్న ఏదో నొక్కితే అక్షరాల మీద ఇంకు పొర మీద పొర పడి పైకి లేచింది. కళ్లు మూసుకొని వేలితో తడిమితే ఆమె పేరు చేతికి తెలుస్తోంది. నేను "అన్నా!" అని అరిచాను. మా ఆయన ఉలిక్కిపడి, ఏదో విరిగిందనుకొని పరుగెత్తుకొచ్చాడు.

ఆ తర్వాత నన్ను ఎవరూ పట్టలేకపోయారు. చెక్క మీద కొట్టించాను. చెక్క నారలు రంగు కిందుగా కనపడుతుంటే ముద్దొచ్చింది. అద్దం మీద కొట్టించాను. టైలు మీద కొట్టించి, గోరుతో గీకి, గీత పడిందని అన్నతో గొడవ పెట్టుకున్నాను. టైలుకు ముందు ఒక మందు పూయాలట, అప్పుడే పట్టుకుంటుందట. మందు పూసి మళ్లీ కొట్టాడు. ఈసారి నా గోరే విరిగింది. అంత సంతోషంగా గోరు విరగ్గొట్టుకున్నది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అన్న నా సామాను మళ్లీ మూటలో సర్దుతూ, "చెల్లె, నీ మూటల ఉన్నయన్ని గా చిన్నదాంట్లనే పడ్తయి గద" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. "తలుపు మూటల పట్టదు గద అన్నా" అన్నాను. ఆయన చేతులు పైకెత్తి, "సరే తల్లీ" అన్నాడు.

వచ్చేముందు ఒక మూలకు తీసుకుపోయి పాడైన షీట్లు చూపించాడు. ఒకదాని మీద పెద్ద పులి బొమ్మ, పులి ముక్కు మీదుగా ఒక గీత. "గిది సూడు. ఒక్క దారప్పోగు. యాడికెళ్లి అచ్చిందో తెల్వది. తల కిందికి అచ్చి ఇరుక్కున్నది, ఈ మూల నుంచి ఆ మూలకు గుంజుకపోయింది. మట్టిని కూడ ఎట్లనో తుడుచుకుంటం గని, దూది నూగు పడ్డదంటె మాత్రం తల ఖరాబే. ఇంకు దానికి పట్టుకుంటది, దీపం తాకి గట్టి పడ్తది. గందుకే గీ గదిల ఫ్యాను గూడ పెట్టలె. ఇంతకు మీరు ఏడ పెడ్తరు?"

"సిరిసిల్లల. మా మామోళ్ల సాంచల షెడ్డుల" అన్నాడు మా ఆయన గర్వంగా.

అన్న నవ్వబోయి ఆగాడు. "సాంచల షెడ్డులనా!"

"సాంచలు తీసేస్తున్నం గద."

"మీయి తీస్తరు. మరి పక్కోళ్లయి?"

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బాపు షెడ్డుకు కుడిపక్కన సాంచల షెడ్డే, ఎడమపక్కన సాంచల షెడ్డే, వెనకాల గోడకు ఆనుకొని ఇంకోటి. ఆ వాడంతా అంతే. నేను అక్కడే పుట్టి పెరిగాను, కిటికీ చువ్వల మీద తెల్లగా పేరుకునే నూగును రోజూ తుడిచాను. అది కూడా దుమ్మేననీ, మిషన్‌కు పడదనీ నాకు తట్టనే లేదు. మా ఆయనకు తట్టలేదంటే అర్థం ఉంది. నాకు తట్టకపోవడమేంటి? నా మీద నాకే ఒళ్లు మండింది.

తిరుగు బస్సులో ఇద్దరం వాదించుకున్నాం. పైన ప్లైవుడ్ కొట్టి, కిటికీలు మూసి, ఏసీ పెడితే ఏమీ కాదని ఆయన. పెంకుల సందుల్లోంచి గాలి రాకుండా ఎవడు ఆపుతాడని నేను. "అంచనాలు వద్దు, పెట్టి చూద్దాం" అన్నాను చివరికి. నల్ల అక్రిలిక్ షీటు ఒకటి శుభ్రంగా తుడిచి, బాపు సాంచలు ఆగి ఉన్నప్పుడు షెడ్డు మధ్యలో పడుకోబెడదాం. దాని మీద పడేదంతా పక్కవాళ్ల నూగే. తెల్లనిది నల్లదాని మీద దాక్కోలేదు కదా. ఆ ఉపాయం నాకే తట్టినందుకు బస్సు దిగేదాకా ఆయన్ని ఏడిపించాను.

మర్నాడు పొద్దున్నే షీటు బండికి కట్టుకొని సిరిసిల్ల చేరాం. బాపు సాంచలు ఆపమని చెప్పాల్సిన పని లేకపోయింది. ఆపేశాడు. పాడుబడ్డ రెండింటినీ అప్పటికే విప్పి కుప్ప పోశాడు. నడిచే రెండూ తుడిచి, నూనె పెట్టి, పెళ్లికి తయారు చేసినట్టు నిలబెట్టాడు. తుక్కు కింద పోయేవాటికి నూనె ఎందుకని నేను అడగలేదు. తుక్కాయన మధ్యాహ్నం ట్రాలీ ఆటో తీసుకొని వస్తాడట. అయినా షీటు తుడిచి, రెండు స్టూళ్ల మీద పరిచి, తలుపు దగ్గరికి వేసి వచ్చాను.

అవ్వ పెట్టిన అన్నం తిన్నాం. తింటున్నానన్న మాటే గాని ధ్యాసంతా షెడ్డు మీదే. బాపు చెయ్యి కడుక్కొని అలవాటుకొద్దీ షెడ్డు వైపు నాలుగడుగులు వేసి, మళ్లీ వచ్చి గడప మీద కూచున్నాడు. కాసేపటికి లేచి గేటు దాకా పోయి వచ్చాడు. అవ్వ "జర్ర పడుకోరాదు" అంటే పడుకున్నాడు, వెంటనే లేచాడు.

అంతలో ట్రాలీ వచ్చింది. తుక్కాయన దిగి, సాంచలను ఒకసారి చూసి, "గీ రెండింటికి పడుగు పోగులు ఇంక బీముకే చుట్టి ఉన్నయి గద పెద్దనాయినా. కోసియ్యి, ఇప్పుకుంట" అన్నాడు.

నేను అప్పటికే షీటు మీదికి వంగి చూస్తున్నాను. పొద్దున అద్దంలా ముఖం కనపడిన నల్లటి షీటు మీద తెల్లటి నూగు పరుచుకొని ఉంది. వేలితో గీస్తే గీత పడింది. ఆ గీత చూసి నేను ఎగిరి గంతేయాలో ఏడవాలో తెలియలేదు. "ఇగో, రా, ఇటు సూడు!" అని మా ఆయన్ని కేకేశాను. ఆయన వచ్చి చూసి, తల గోక్కొని, పైకి చూసి, "పైన మొత్తం మూపిస్తె..." అని మళ్లీ మొదలుపెట్టాడు.

"మూపిద్దాం అల్లుడా" అన్నాడు బాపు వెనకనుంచి. "ఏం గావాల్నంటె గది చేపిద్దాం."

వెనక్కి తిరిగాను. బాపు సాంచ పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో బ్లేడు ఉంది. రెండో చెయ్యి పడుగు పోగుల మీద పరిచి ఉంది. కోయడం లేదు. మాతో మాట్లాడుతున్నాడు గాని మావైపు చూడడం లేదు.

అప్పుడు నాకు రావాల్సిన కోపం వచ్చింది.

"ఏమయ్యా, నువ్వు మా బాపును గీ షెడ్డు అడిగినవా?" అన్నాను మా ఆయనతో.

ఆయన బిత్తరపోయాడు. "నేనెందుకు అడుగుత? ఊకె కొలిచి సూసిన. మామనే తీసేద్దామనె. ఇయి నడుపుడు చాతనైత లేదు గావచ్చు, వదిలించుకుంటుండు గావచ్చు అనుకున్న."

"నువ్వు చెప్పు బాపూ. అల్లుడు నిన్ను అడిగిండా?"

బాపు నన్ను వింతగా చూశాడు. "గదేం మాట బిడ్డా? అల్లుడు ఇంటికచ్చి టేపు పట్టి కొలిస్తె గది అడుగుడు గాదా? నోరిడిచి అడిగేదాంక ఆగి ఇస్తె, గదేం ఇచ్చుడు?"

మా ఆయన ముఖం పాలిపోయింది. టేపు ఉన్న జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఇద్దరూ ఇద్దరే మర్యాదస్తులు. ఒకాయన అడగకుండా తీసుకుంటున్నాడు, ఒకాయన అడగకముందే ఇచ్చేస్తున్నాడు, ఇద్దరూ ఎదుటివాడి సంతోషం కోసమే చేస్తున్నామనుకుంటున్నారు. మధ్యలో రెండు సాంచలు తుక్కులోకి పోతున్నాయి. అది కూడా నూగు పడే షెడ్డు కోసం.

"బాపూ, ఇటు సూడు" అన్నాను. "అల్లుడు లేడు, మిషన్ లేదు, నేను గూడ లేననుకో. నీకు గీ సాంచలు కావాల్నా, వద్దా?"

ఆయన్ని ఎవరైనా అట్లా అడిగి ఎన్నాళ్లయిందో. పోగుల మీద చెయ్యి తీయకుండానే అన్నాడు:

"తెల్లారి లేచినంక నేను ఏడికి పోవాలె బిడ్డా?"

అవ్వ గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన మాత్రం గబగబా బయటికి నడిచి, "అన్నా, నువ్వు పో. గా కుప్ప ఏసుకో, నడిచేయి మాత్రం ముట్టకు" అని తుక్కాయనతో అనడం వినపడింది. తర్వాత లోపలికి వచ్చి బాపు ముందు నిలబడ్డాడు. బాపు చేతిలోంచి బ్లేడు తీసుకొని, ఎక్కడ పెట్టాలో తెలియక, కిటికీలో పెట్టాడు.

నాకు బాధ కాలేదంటే అబద్ధం. తలుపులు పోయాయి. ఎక్కాల తలుపు, లక్ష్మి తలుపు, ఒకటే ముక్క చార్మినార్, అన్నీ ఒక్క నిమిషంలో పోయాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా. కానీ ఆ నీళ్లలోంచే ఇంకోటి పొంగుకొచ్చింది. ఏది కొనాలో తేలిపోయింది! వచ్చే లోడు తప్పిపోదు, ప్లైవుడ్డు కొట్టించక్కర్లేదు, రేపు పోయి సోఫా బయట పారేస్తే చాలు. ఈ నెలలోనే నా షాపులో, నా కుర్చీ పక్కన, ఆ ఊదారంగు దీపం వెలుగుతుంది. గొల్లపల్లి అక్క రాయి మీద ఆమె పేరు నేనే లేపుతాను. కాళ్లు నేల మీద ఆగలేదు. అక్కడికక్కడే ఫోన్ తీసి కంపెనీ మనిషికి కలిపాను.

"మేడం, మీ ఫోన్ కోసమే చూస్తున్నా. పెద్దదే కదా? బుక్ చేసేస్తున్నా" అన్నాడు.

నేను నోరు తెరిచేసరికి వెనకాల బాపు స్విచ్చు వేశాడు. తెల్లారి నుంచి ఆగి ఉన్న సాంచ ఒక్కసారి దడదడమని అందుకుంది. దాని పక్కది కూడా అందుకుంది. ఫోన్‌లో ఆయన మాట నాకు వినపడదు, నా మాట ఆయనకు వినపడదు.

"చిన్నది!" అన్నాను.

"ఏంటి మేడం? పెద్దదేనా?"

"చిన్నది, చిన్నది!"

"మేడం, అక్కడేదో చప్పుడు... పెద్దది కన్ఫర్మ్ కదా?"

బయటికి పోయి మాట్లాడొచ్చు. పోబుద్ధి కాలేదు. రెండు సాంచల మధ్యన నిలబడి, ఒక చెవి మూసుకొని, ఊపిరంతా పట్టి, "చిన్నదయ్యా! చిన్నదే!" అని అరిచాను.

"నన్నేనా బిడ్డా? ఏమంటున్నవ్?" అని బాపు సాంచ మీదుగా అరిచాడు.

"నిన్ను గాదు బాపూ, నువ్వు నేయ్!" అని అరిచాను.